నక్షత్రాలు పక్కకు ఎందుకు జరగలేదు

మా అమ్మాయి డేటా సైన్స్ చదువుతోందని మూడేళ్ళు ఊరందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఊరంటే ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టాలో మాకు తెలిసిన ముప్పై నలభై తెలుగు కుటుంబాలు. అది నిజంగా చదివింది వేరు. రెండు వేల ఏళ్ళకు ముందు గ్రీకు తత్వవేత్తలు ఆకాశంకేసి చూసి ఏమనుకున్నారో అది చదివింది. ఈ రెండు మాటలూ ఒక కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

మొదట్లో అందులో అబద్ధం లేదు. అది కాలేజీలో చేరింది కంప్యూటర్ సైన్స్‌లోనే. ఆ సీటు వచ్చిన వారం నేను ఫోన్ చెయ్యని మనిషి లేడు. రెండో ఏడు మొదలైన కొత్తలో ఓ శనివారం ఇంటికొచ్చింది. నేను దోసెలు పోస్తుంటే వంటింటి గట్టెక్కి కూర్చుని, "అమ్మా, నేను మేజర్ మార్చేశా. ఫిలాసఫీ. ఏన్షియంట్ గ్రీక్ కాస్మాలజీ, మోస్ట్‌లీ. ప్లీజ్ డోంట్ ఫ్రీక్ అవుట్" అంది.

ఫ్రీక్ అవుట్ ఏమిటి నా మొహం, ఒంటికాలి మీద లేచాను. "గ్రీకువాళ్ళ ఆకాశంలో ఉద్యోగాలిస్తారటే? చంద్రుడి కింద కూర్చోబెట్టి జీతమిస్తారా?" అని అరిచాను. దోసె మాడిపోయింది. మా ఆయన మాత్రం, "దానికి నచ్చింది అది చదువుకుంటుంది, నీకెందుకు?" అని ఆ మాడిన దోసెనే చట్నీలో ముంచుకుని తినేశారు. ఆయనెప్పుడూ అంతే. ఇల్లు కూలుతున్నా ఇంకొంచెం చట్నీ అడిగే రకం.

ఆ మరుసటి వారం మా వెనక వీధిలో ఉండే స్నేహితురాలి ఇంట్లో పుట్టినరోజు పార్టీ. ఆమె గురించి చెప్పాలి. మేము ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఆమే మాకు చుట్టం. నన్ను వదినా అంటుంది, మా ఆయన్ని అన్నయ్యగారు అంటుంది. నాకు ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు క్యారేజీ పంపింది. ఆ రోజు బజ్జీలు వేస్తూ వేస్తూ, "వదినా, పాప ఎలా చదువుతోంది? కంప్యూటర్ సైన్సే కదా?" అని మామూలుగా అడిగింది. చుట్టూ మరో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. "డేటా సైన్స్‌లోకి మారింది" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, నోట్లోంచి ఠక్కున ఊడిపడింది. నిజం చెప్తే వాళ్ళ మొహాల్లో ఎక్కడ 'అయ్యో పాపం' కనిపిస్తుందోనని భయం. అంతే, ఇంకేమీ లేదు.

ఇక్కడ మా వాళ్ళలో అదో పద్ధతి. పిల్లలు ఏం చదువుతున్నారన్నది పిల్లల సంగతి కాదు, ఇంటి సంగతి. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చేతిలో ప్లేటు పెట్టేలోపు ఆ ప్రశ్న వచ్చేస్తుంది. ఒకసారి చెప్పిన జవాబు మార్చుకోవడం కుదరదు. ఒక అబద్ధానికి ఇంటర్న్‌షిప్ కలిసింది, ఆ ఇంటర్న్‌షిప్‌కి ఒక ఊరు కలిసింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. చూశారా, నాది నేనే పట్టుకోలేకపోయాను.

అమ్మాయికి ఇది తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఆ వెనక వీధి ఆంటీ దాన్ని ఆపి ఏదో కోడింగ్ సంగతి అడిగిందట. ఇంటికొచ్చి పగలబడి నవ్వింది. "అమ్మా, సీరియస్‌లీ? డేటా సైన్సా?" అంది. ఆ తర్వాత నవ్వు ఆపి, "బట్ ఒకరోజు నువ్వు నిజం చెప్పాలి. ఓకే? నాకోసం" అంది. "నీ గ్రాడ్యుయేషన్ నాటికి చెప్పేస్తాలే" అని దాని చెయ్యి మీద చెయ్యి వేశాను.

సెలవులకి వచ్చినప్పుడల్లా వంటింట్లో నా వెనకాలే తిరుగుతూ తను చదివినవి చెప్పేది. మొదట్లో వెటకారం చేసేదాన్ని. ఒకాయన భూమి నీళ్ళ మీద దుంగలా తేలుతోందన్నాడట. "ఓహో, మరి నీళ్ళు దేనిమీద ఉన్నాయట?" అన్నాను, పప్పు గిన్నె కింద మంట తగ్గిస్తూ. దాని కళ్ళు పెద్దవయ్యాయి. "ఎగ్జాక్ట్‌లీ! వాళ్ళూ అదే ప్రాబ్లమ్‌లో పడ్డారు!" అని గట్టు మీంచి కిందికి దూకింది. ఆయన తర్వాత వచ్చిన ఆయన, భూమి దేనిమీదా లేదు, ఊరికే మధ్యలో ఉంది అన్నాడట. అన్ని వైపులా సమానంగా ఉన్నప్పుడు ఇటే పడాలనీ అటే పడాలనీ దానికి కారణం లేదు కాబట్టి పడకుండా ఉంది, అంతే. నేను గరిటె తిప్పడం ఆపేసి విన్నాను. అబ్బా, ఏం ఆలోచనండీ అది! ఒక మనిషి ఇంట్లో కూర్చుని, ఏ పరికరమూ లేకుండా, భూమి కిందనుంచి ఆసరా అంతా తీసేశాడు.

ఆఖరి ఏడాది అది పెద్ద వ్యాసం రాసింది. కాలేజీలో దాన్ని థీసిస్ అంటారు. అది దేని గురించో నాకు ఒక గరిటెతో చెప్పింది. గ్రీకుల్లోనే ఒకాయన, సూర్యుడి చుట్టూ భూమే తిరుగుతోంది అన్నాడట. మిగతా వాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకోలేదో నాకు చూపిస్తానని నా చేతిలో గరిటె పెట్టి, ముక్కుకి ఎదురుగా నిలబెట్టుకోమంది.

"ఒక కన్ను మూసుకో. ఇప్పుడు అది మూసి ఇంకోటి తెరువు. గరిటె జరిగిందా?"

జరిగింది. కిటికీకి ఈ పక్కనున్నది ఆ పక్కకి దూకింది.

"భూమి తిరుగుతుంటే మనం ఆరు నెలలకి ఒక కన్ను, ఇంకో ఆరు నెలలకి ఇంకో కన్ను అన్నమాట. మరి నక్షత్రాలు జరగాలి కదా? ఎవరు చూసినా జరగలేదు. సో వాళ్ళు నో అన్నారు. వాళ్ళు స్టుపిడ్ కాదు అమ్మా. వాళ్ళు చూసింది కరెక్టే. బట్ నక్షత్రాలు ఎంత దూరమో వాళ్ళకి తెలీదు. జరుగుతాయి, కానీ అంత దూరంలో మన కంటికి కనపడదు."

"ఆయన చెప్పొచ్చుగా, చాలా దూరం అని?"

"చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. వాళ్ళకి అంత దూరం ఊహకి రాలేదు."

ఏప్రిల్‌లో ఫోన్ చేసింది. కాన్వొకేషన్‌కి ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి డిపార్ట్‌మెంట్‌లో చిన్న కార్యక్రమం ఉందట. ఒక్కొక్కళ్ళు తమ థీసిస్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు వచ్చి వింటారు. "అమ్మా, శనివారం స్టేడియంలో పెద్దది ఉంటుంది, దానికి రాకపోయినా పర్లేదు. దీనికి రా. నువ్వు ఫ్రంట్ రోలో కూర్చోవాలి. గరిటె పార్ట్ నీతోనే చేయిస్తా" అంది. దాని గొంతులో భయం ఉంది, పరీక్షల ముందు కూడా లేని భయం. "చచ్చినా వస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ రాత్రి ఏ చీర కట్టుకోవాలా అని బీరువా అంతా కిందపడేశాను.

కాని మాకు ఒంటరిగా వెళ్ళే అలవాటు ఏది? గ్రాడ్యుయేషన్ అంటే ఇక్కడ అయినవాళ్ళంతా కలిసి వెళ్ళాల్సిందే. స్నేహితురాలూ వాళ్ళాయనా శుక్రవారం ఉదయమే బయలుదేరదామన్నారు. మా ఆయనకి ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, శనివారం తెల్లవారుజామున సొంతంగా డ్రైవ్ చేసుకుని వస్తానన్నారు. అమ్మాయికిచ్చిన మాట గుర్తుంది. దారిలో చెప్పేద్దామనుకున్నాను. నాలుగు గంటల దారి. మొదటి గంటలో ఇడ్లీలు తిన్నాం, రెండో గంటలో ఆమె నిద్రపోయింది, తర్వాత ఆయన పాటలు పెట్టారు. మాటలు కూడదీసుకుంటూనే ఉన్నాను, ఊరొచ్చేసింది.

హోటల్ గది మూడింటిదాకా ఇవ్వమన్నారు. క్యాంపస్ పక్కనే ఒక ఇండియన్ రెస్టారెంట్ ఉంటే అందులో కూర్చున్నాం. అక్కణ్ణుంచి డిపార్ట్‌మెంట్‌కి నడిచి వెళ్తే పది నిమిషాలు. రెండింటికి నేను పర్సు తీసుకుని లేచాను. "నేను పాపని చూసొస్తాను, మీరు తినండి" అన్నాను.

స్నేహితురాలు నా వంక కిందనుంచి పైదాకా చూసింది. "వదినా, కాన్వొకేషన్ రేపు కదా? ఇవాళ పట్టుచీర కట్టావేంటి? డిపార్ట్‌మెంట్‌లో ఫంక్షన్ ఏమన్నా ఉందా? ఉంటే చెప్పు, మేమూ వస్తాం. దానికి మేం కాక ఇంకెవరున్నారిక్కడ?" అంది. ఆమె అప్పటికే పర్సు అందుకుని లేస్తోంది.

ఆ గది నా కళ్ళ ముందుకొచ్చింది. తలుపు మీద ఫిలాసఫీ అని రాసి ఉంటుంది. మూడేళ్ళ అబద్ధం ఆ తలుపు దగ్గర బయటపడుతుంది. "అబ్బే, ఇవాళేం లేదు" అన్నాను. "చీర ఊరికే కట్టుకున్నా." కూర్చున్నాను. కూర్చున్నాక ఇక లేవడానికి నా దగ్గర సాకు లేదు. బిర్యానీ వచ్చింది.

రెండు గంటల ఇరవైకి టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని మెసేజ్ కొట్టాను, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం నాన్నా, నువ్వు మొదలుపెట్టెయ్ అని. వెంటనే జవాబొచ్చింది. 'ఓకే అమ్మా. డ్రైవ్ సేఫ్.'

సాయంత్రం అమ్మాయే హోటల్‌కి వచ్చింది. ఆంటీని వాటేసుకుంది, అంకుల్‌తో జోకులేసింది. నేను పక్కకి లాగి, "ఎలా జరిగిందే?" అని గుసగుసగా అడిగాను. "గుడ్" అంది. దాని మొహంలో ఏమీ కనపడలేదు. పోనీలే, ట్రాఫిక్ అనుకుంది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఎంత సిగ్గులేని ఊపిరి అది!

మర్నాడు స్టేడియంలో కాన్వొకేషన్ అయిపోయింది. మధ్యాహ్నం దాని హాస్టల్ గది ఖాళీ చేస్తున్నాం. అందరూ కింద కారులో పెట్టెలు సర్దుతున్నారు, గదిలో నేనూ అదీ మాత్రమే. పుస్తకాలు అట్టపెట్టెలో పెడుతూ నా వైపు చూడకుండా అడిగింది.

"నిన్న బిర్యానీ బాగుందా అమ్మా?"

నాకు అర్థం కాలేదు. జేబులోంచి ఫోన్ తీసి చూపించింది. ఇంట్లో ముగ్గురం ఎక్కడున్నామో మ్యాప్ మీద కనపడే యాప్. అది కాలేజీలో చేరినప్పుడు, దాని క్షేమం కోసమని నేనే పోరుపెట్టి అందరి ఫోన్లలో పెట్టించాను. ఎప్పుడూ నేను దాని చుక్క చూసుకోవడమే తప్ప, నా చుక్క కూడా దానికి కనపడుతుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"నువ్వు ఆ రెస్టారెంట్‌లోనే ఉన్నావ్. నా టాక్ అయ్యేదాకా. నేను పది నిమిషాలు లేట్‌గా స్టార్ట్ చేశా. ఒకవేళ నడిచి వస్తావేమో అని."

మంచం మీద కూలబడ్డాను. నా చేతికి తువ్వాల్లో చుట్టిన వస్తువేదో తగిలింది. విప్పి చూస్తే మా ఇంటి గరిటె. "మరి, ఇదెవరు పట్టుకున్నారే?" అని అడిగాను. ఆ క్షణంలో అడగాల్సిన ప్రశ్న అదా? కాని నోట్లోంచి అదే వచ్చింది.

"ఎవరో ఒకరి గ్రాండ్‌మా. నీ సీట్ పక్కన ఉంది. షీ వాజ్ స్వీట్" అంది. పెట్టెకి టేపు వేసేసింది.

ఏడ్చాను. సారీ చెప్పాను. ఒకసారి కాదు, లెక్కలేనన్ని సార్లు చెప్పాను. "ఇట్స్ ఫైన్, అమ్మా" అంటుంది. తిడితే బాగుండును. నా కడుపున పుట్టిన పిల్లకి నా నోరు రాకుండా ఎలా పోయిందో! ఆ వేసవి తర్వాత రెడ్‌మండ్ వైపు పీహెచ్‌డీకి వెళ్ళిపోయింది. దేశానికి ఆ చివరన. వారం వారం ఫోన్ చేస్తుంది. వానలు పడుతున్నాయంటుంది, తిన్నానంటుంది. ఆకాశం మాట మాత్రం ఎత్తదు.

నేనే దాని థీసిస్ చదవడం మొదలుపెట్టాను. ఇంట్లో కుదరదు. ఆఫీసు పార్కింగ్‌లో కారు కిటికీ దించుకుని, ఒళ్ళో పెరుగన్నం డబ్బా పెట్టుకుని, రోజుకి రెండు పేజీలు. డెబ్భై పేజీలు చదవడానికి రెండు నెలలు పట్టింది. అందులో ఒకాయన కథ ఉంది. సూర్యుడు దేవుడు కాదు, మండుతున్న రాయి అన్నాడట. ఊరివాళ్ళు విచారణ పెట్టారు, ఆయన ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. ఆ ఊరివాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నమాట అంటే ఓర్చుకోలేని వెధవలు అని పైకే తిట్టాను. మరుక్షణం నేనేం చేశానో గుర్తొచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను. ఆయనైనా ఊరు వదులుకున్నాడు కాని మాట మార్చలేదు. నన్ను ఎవరూ విచారణ కూడా చెయ్యలేదు. బజ్జీలు వేస్తూ ఒక్క ప్రశ్న అడిగారంతే.

ఇంకో చోట ఉంది. చంద్రుడి దగ్గర్నుంచి కిందకే మార్పు, చెడిపోవడం, చావు. ఆపైన అన్నీ ఎప్పటికీ ఒక్కలాగే గుండ్రంగా తిరుగుతుంటాయి అని చాలాకాలం నమ్మారట. నాకు ఒక అనుమానం వచ్చింది. ధైర్యం చేసి ఆదివారం ఫోన్‌లో అడిగాను. "ఏమ్మా, పైనవన్నీ మారనప్పుడు, మరి తోకచుక్కలు వచ్చి పోతుంటాయి కదా, వాటిని ఏమన్నారు వాళ్ళు?"

"దట్స్ ఎ గుడ్ క్వశ్చన్" అంది. అవి చంద్రుడికి కిందే, గాలిలో పుట్టే మంటలు అనుకున్నారని చక్కగా విడమర్చి చెప్పింది. తను పాఠం చెప్పే క్లాసులో చేయెత్తిన కుర్రాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. నీళ్ళు దేనిమీద ఉన్నాయట అని నేను వెటకారం చేసినప్పుడు గట్టు మీంచి దూకిన పిల్ల కాదు. ఫోన్ పెట్టేశాక మా ఆయన దగ్గర భోరుమన్నాను. ఆయన చట్నీ జోకులేవీ వెయ్యలేదు. పక్కన కూర్చున్నారు.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి అమ్మాయి ఇంటికొచ్చింది. గురువారం మధ్యాహ్నం స్నేహితురాలింట్లో అందరి భోజనాలు. ఈసారి చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున బాత్‌రూమ్ అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా. అక్కడికి కొత్తగా వచ్చిన ఒకావిడ పులిహోర వడ్డించుకుంటూ, "మీ పాప ఏం చేస్తోందండీ?" అంది. నేను గొంతు సవరించుకున్నాను. నా పక్కనే పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడిన అమ్మాయి నాకంటే ముందే అందుకుంది.

"డేటా సైన్స్, ఆంటీ. పీహెచ్‌డీ." నవ్వుతూ, ఎంత సులువుగా అంది!

"కాదు" అన్నాను. గట్టిగా వచ్చినట్టుంది, అందరూ ఇటు తిరిగారు. "కాదండీ. అది చదివేది గ్రీకు తత్వవేత్తల గురించి. ఆకాశం గురించి వాళ్ళేమనుకున్నారో దాని గురించి. మొదట్నుంచీ అదే. నేనే మీకందరికీ అబద్ధం చెప్పాను."

స్నేహితురాలు చేతిలో గిన్నె కింద పెట్టింది. కోపం లేదు ఆమె మొహంలో. నేను మూడేళ్ళు భయపడిన 'అయ్యో పాపం' కూడా లేదు. "అదేంటి వదినా, దానికి దాచడం ఎందుకు? ఎంత మంచి చదువు!" అంది. తర్వాత ఆమెకేదో తట్టింది. "అంటే ఆ శుక్రవారం, పట్టుచీర కట్టుకున్నావ్... అయ్యో, అప్పుడే చెప్పుంటే అందరం కలిసి వెళ్ళేవాళ్ళం కదే!"

అంతే. అందుకు పట్టింది ఒక్క నిమిషం. కాసేపటికి అందరూ మళ్ళీ భోజనాల్లో పడ్డారు. కొత్తావిడ ఇంకొంచెం పులిహోర వేసుకుంది.

ఇంటికి వస్తున్నాం. మా ఆయన డ్రైవ్ చేస్తున్నారు, నేను వెనక సీట్లో అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఏదన్నా అంటుందేమోనని చూశాను. ఆఖరికి నేనే, "చెప్పేశాను చూశావా?" అన్నాను, చిన్నపిల్లలా.

"చూశా. థాంక్స్ అమ్మా" అంది. నా చెయ్యి పట్టుకుంది. "బట్ నాకోసం చెప్పక్కర్లేదు. నాకు అలవాటైపోయింది."

కొంచెం దూరం పోయాక, "అక్కడ మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతారు, మీ పేరెంట్స్‌కి ఇది ఓకేనా అని. నేను చెప్తా, మా అమ్మ నా టాక్‌కి వచ్చింది, పట్టుచీర కట్టుకుని, ఫ్రంట్ రోలో కూర్చుంది అని" అంది.

"ఎందుకే అలా చెప్పడం?" అన్నాను.

"లేకపోతే వాళ్ళు నీ గురించి బ్యాడ్‌గా అనుకుంటారు కదా అమ్మా."